మేకల గోలెంలో తోకకప్పలు

మొన్న ఆదివారం నా మనవరాలు అనంతగిరి గుట్టల దగ్గర ఆడుకొని వస్తూ, నీళ్ళ సీసాలో నల్లని తోకకప్పలను పట్టుకొచ్చింది. వికారాబాదులో మా వంటింటి గట్టు మీద ఆ సీసా పెట్టి, "అమ్మమ్మా, గీటిని దేంట్ల పెంచాలె?" అని అడిగింది.

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. దాన్ని అలాగే వదిలేసి సీసా ముందు కూర్చున్నాను. మనకు బాగా తెలిసిన విషయం గురించి ఎవరైనా మనల్ని అడగడం ఎంత అరుదో నా వయసు వాళ్ళకే తెలుస్తుంది. బస్సు ఎప్పుడుందని అడుగుతారు, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడుగుతారు. తోకకప్పలను ఏ పాత్రలో పెంచాలని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. పిల్ల ఫోనులో గాజు తొట్ల బొమ్మలు చూపిస్తూ పోయింది. ఇది లోతెక్కువ, దీని మూతి ఇరుకు, దీంట్లో ఎక్కి కూర్చోవడానికి గట్టు లేదు అని నేను ఒక్కొక్కదాన్నీ తీసేస్తూ పోయాను.

"నీకెట్ల ఎరుక?" అంది.

చెప్పడం మొదలుపెట్టాను. సగం విని ఆటకు పోయింది. పప్పు కూడా మాడింది. ఆ మిగిలిన సగం కడుపులో నిలవక ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు తాండూరులో, ఊరి చివర, బండలు పాలిష్ చేసే మిషన్ల పక్కన ఉండేది. తెల్లారితే మిషన్ల చప్పుడు, పొద్దుగూకితే ఆగిన చప్పుడు. మా కాలువల్లో మురికినీళ్ళు నల్లగా ఉండేవి కావు. రాతిపొడి కలిసి పలచటి మజ్జిగలా తెల్లగా పారేవి. తడిసిన రాయికి ఒక వాసన ఉంటుంది. కొత్తకుండలో నీళ్ళు పోస్తే వచ్చే వాసనకు దగ్గరగా, కానీ ఇంకా చల్లగా ఉంటుంది. మా నాయన పని నుంచి వస్తే ఆ వాసన ఆయన కంటే ముందు ఇంట్లోకి వచ్చేది. కనుబొమల మీద తెల్లటి పొడితో వచ్చి, వాకిట్లో మొహం కడుక్కున్నాకే ఆయన మళ్ళీ మా నాయనలా కనిపించేవాడు.

ఇంటి వెనక కొట్టంలో నాయనమ్మ మేకలు. ఆమె పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ జీవాలు కాచినవాళ్ళే. ఒకప్పుడు పెద్ద మంద ఉండేదట. నాకు తెలిసేసరికి నాలుగైదు మేకలే మిగిలాయి. ఆమె వాటితో మాట్లాడినంత మాతో మాట్లాడేది కాదు. పక్కింటివాళ్ళు గోడ అవతల కన్నడంలో పోట్లాడుకుంటే, ఏమీ అర్థం కాకపోయినా చెవి అటే వేసి, ఈ రోజు తప్పు ఆయనదే అని తీర్పు చెప్పేది.

గ్రంథాలయం నాకు దొరకడం మా నాయన పుణ్యమే. అక్కడ నేల మీద బండలు మార్చే పని పడితే, సెలవు రోజని నన్ను వెంట తీసుకుపోయాడు. బీరువాలన్నీ ఒక మూలకు నెట్టి ఉన్నాయి. పాత కాగితం, డాంబర్ గోలీలు, జిగురు కలిసిన వాసన. నేను అంతవరకు చూసిన పుస్తకాలన్నీ బడివి. ఎవరూ పరీక్ష పెట్టని పుస్తకాలు కూడా ఉంటాయని ఆ రోజే తెలిసింది. లైబ్రరీ సార్ నన్ను చూసి, చేతులు కడుక్కొని వస్తే ఏదైనా తీసుకొని చదువుకోవచ్చన్నాడు. అప్పటినుంచి బడి వదలగానే అక్కడికే. వార్తాపత్రిక, పంటల పుస్తకం, అట్టలు ఊడిన కథలు, ఏవో దేశాల నదుల పేర్లు, ఏది దొరికితే అది చదివాను. ఈ రోజుకీ నాకు వచ్చిన నాలుగు ముక్కలు ఆ బల్ల మీద వచ్చినవే. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వంగానే ఉంటుంది.

ఆ ఏడు తొలకరి పడిన రోజుల్లో కప్పల బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. గుడ్లు, తర్వాత తోక ఉన్న నల్లటి పిల్ల, తర్వాత వెనక కాళ్ళు, ముందు కాళ్ళు, చివరికి కప్ప. ఆ పేజీ నేను ఎన్నిసార్లు చూశానో. వానాకాలం గుంటల్లో మేము దోసిళ్ళతో పట్టి, చేపపిల్లలని చెప్పుకొని ఆడుకునేవి చేపలు కావట, కప్పలట! వాటికి మొదట మొప్పలు ఉంటాయట, చేపల్లాగే నీళ్ళలో గాలి పీల్చుకుంటాయట, తర్వాత ఊపిరితిత్తులు వస్తాయట. తోక రాలిపోదట. ఒంట్లోకే ఇంకిపోతుందట. ఒక జీవి తన తోకను తానే కరిగించుకొని బతకడం! ఇంటికి పరుగెత్తుకొచ్చాను.

అమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. నాయన, నాయనమ్మ పళ్ళేల ముందు కూర్చున్నారు. నేను ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. నాయనమ్మ రొట్టె తుంచడం ఆపి నవ్వింది.

"కప్పలు వానల వడ్తయే," అంది. "పొద్దుగాల ఒక్కటి ఉండది. వాన వడంగనె వాకిలి నిండ చిన్న చిన్న కప్పలు. మరి గవి యాడికెల్లొచ్చినయి? నేను కండ్లతోని జూసిన. నీ బుక్కు జూసిందా?"

ఆమె మాట తీసిపారేసేది కాదు. నేను కూడా ప్రతి ఏడూ ఆ చిన్న కప్పలను చూశాను. కానీ పుస్తకంలో బొమ్మ ఉంది. బొమ్మ ఉందని నేను, కళ్ళతో చూశానని ఆమె. పందెం ఎలా కుదిరిందో గాని, రొట్టెలు అయిపోయేసరికి కుదిరింది.

దాని వెనక ఒక సంగతి ఉంది. నాయనమ్మ మోకాళ్ళు వాస్తున్నాయి. సాయంత్రం మేకలను మళ్ళించుకు రావడం ఆమెకు కష్టమవుతోంది. నేను ఆ వేళకే గ్రంథాలయంలో ఉంటున్నాను. ఆమె ఇంతవరకు నోరు తెరిచి అడగలేదు. ఆ రోజు అడిగింది.

"గా తోకపురుగు కప్ప అయితె నువ్వు రోజు పో నీ బుక్కులింటికి, నేనొక్క మాటనను. కాకపోతె పొద్దుమీకి నాతోని మేకల కాడికి రావాలె. సరేనా బిడ్డా?"

నాయన వైపు చూశాను. ఆయన పళ్ళెంలోకి చూస్తూ, "అడిగినదాంట్ల తప్పేముంది," అన్నాడు. సరే అన్నాను. బొమ్మలున్న పుస్తకం నా వైపు ఉండగా నాకేం భయం?

మిషన్ల వెనక పాత బండల గని గుంతలో వాననీళ్ళు నిలిచాయి. అంచున గుడ్లు దొరికాయి. నానబెట్టిన సబ్జా గింజలు ఎట్లుంటాయో అట్లే, జిగురులో నల్లటి చుక్కలు. దోసిలితో ఎత్తి ఇంటికి తెచ్చాను. అప్పుడొచ్చింది అసలు చిక్కు. పుస్తకంలో ఒకే మాట ఉంది, వెడల్పాటి పాత్రలో ఉంచాలని. బొమ్మలో గాజు తొట్టి ఉంది. తాండూరులో నాకు తెలిసిన గాజు అంటే దీపం బుడ్డి, అద్దం, అంతే. ఇక మా ఇంట్లో ఉన్న ప్రతి పాత్రనూ నేను కప్ప కళ్ళతో చూడడం మొదలుపెట్టాను. ఏ గిన్నె కనిపించినా లోతు చూడడం, మూతి చూడడం. అన్నం తింటూ పళ్ళేన్ని వాల్చి, నీళ్ళు ఏ అంచు దాకా వస్తాయో చూసి అమ్మతో తిట్లు తిన్నాను.

మొదట మామిడికాయ తొక్కు జాడీ తీశాను. ఖాళీగా ఉంది, మూతి వెడల్పు, పింగాణీ కాబట్టి శుభ్రం. బూడిదతో బాగా తోమాను. గుడ్లు అందులో పిల్లలయ్యాయి, ఒక పూట తిరిగాయి, మర్నాటికి సగం పైగా చచ్చి తేలాయి. ఏళ్ళ తరబడి తొక్కు తాగిన జాడీ. నా ముక్కుకు తెలియని ఉప్పు దాని పగుళ్ళలో ఉండిపోయింది. అమ్మకు అంతకంటే పెద్ద బాధ ఉంది.

"కప్పలేసిన జాడీల ఇగ తొక్కెట్ల వెడ్త?" అంటూ వాకిట్లో కూర్చొని జాడీని మూడుసార్లు కడిగింది, ప్రతిసారీ వాసన చూసి నా వైపు చూసింది. ఆ ఏడు తొక్కు కొత్త జాడీలోనే పెట్టింది. పాతది ఉప్పుకు పోయింది.

మిగిలినవాటికి ఇంట్లోకెల్లా మంచి పాత్ర ఇద్దామనుకున్నాను. మంచిదంటే మా ఇంట్లో రాగిచెంబే. రాగిలో నీళ్ళు ఒంటికి మంచివని నాయన రోజూ పొద్దున్నే ఆ చెంబు ఎత్తి తాగేవాడు. మనిషికి మంచిదైనప్పుడు కప్పకు మంచిది కాదా? కొన్నిటిని అందులో, మిగతావాటిని ఒక చిన్న గిన్నెలో వేసి, చెంబును గూట్లో పెట్టాను, పొద్దున్నే ముందు లేచి తీద్దామని. ఆయనే ముందు లేచాడు.

"బిడ్డా, చెంబుల ఏమేసినవ్?" అన్న మాటకు నాకు మెలకువ వచ్చింది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. చెంబు నోటి దాకా వెళ్ళి ఆగిందట. లోపల ఒక్కటీ కదలడం లేదు. నాయనమ్మ వచ్చి తొంగి చూసి, వానలో పడినవి వానలోనే బతుకుతాయి, చెంబులో ఎందుకు బతుకుతాయంది. రాగి తోకకప్పలకు విషమని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను. నీళ్ళలో పురుగును చంపే గుణమే వాటినీ చంపుతుంది. అప్పుడు అంత తెలియదు. తెల్లని నీళ్ళ కాలువ పక్కన చెంబు వంచి, గిన్నెలో మిగిలిన కొద్దిపాటి పిల్లలను చూసుకుంటూ, నా సాయంత్రాలు వీటి తోకల మీద ఉన్నాయి కదా అనుకున్నాను.

ఆ పూట వాటిని కొత్త కుండలో వేశాను. బతికాయి. కానీ కుండ లోపల చీకటి. ఏం జరుగుతోందో చూడాలంటే తల దూర్చాలి, తల దూరిస్తే వెలుతురు ఉండదు. పైగా దాని గోడలు లోపలికి వంగి ఉంటాయి. కాళ్ళు వచ్చిన కప్పకు నీళ్ళ నుంచి బయటికి ఎక్కే చోటు లేకపోతే మునిగి చస్తుందని పుస్తకంలో కింది వరుసలో చిన్న అక్షరాలతో ఉంది. మొదట చదివినప్పుడు బొమ్మల సంబరంలో ఆ వరుస నా కంటికి ఆనలేదు. రెండోసారి చదివితే కనిపించింది. ఆ రోజు సార్ మూసే గంట కొట్టే దాకా ఉండి, ఆ పేజీ మొత్తం నోటికి వచ్చేలా చదివి ఇంటికి వచ్చాను.

కొట్టంలోకి పోతే కనిపించింది. మేకలు తాగే పాత మట్టి గోలెం. ఒక పక్క అంచు పగిలి, ఆ పక్కకు కొంచెం ఒరిగి, సగం నేలలో పాతుకొని ఉంది. నీళ్ళు సగానికి మించి నిలవవని నాయనమ్మ దాన్ని వాడడం మానేసింది. వెడల్పు ఉంది, లోతు లేదు, పైన ఆకాశం కనిపిస్తుంది, ఒక పక్క పలచగా ఇంకో పక్క లోతుగా ఉంది. పుస్తకంలో గాజు తొట్టికి కూడా ఇంత తెలివి లేదు. గుంత నీళ్ళు పోసి, కుండలోని పిల్లలను అందులోకి మార్చి, నేను కొట్టంలో ఒక్కదాన్నే గంతులు వేశాను. మేకపిల్ల బెదిరి తల్లి కిందికి దూరింది.

అయితే నేను ఒకటి మరిచాను. గోలెం వాడడం మానేసింది నాయనమ్మ. మేకలు మానలేదు. మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చిన మేకలు తిన్నగా దాని దగ్గరికే వచ్చి మూతి పెట్టాయి. నేను బయటినుంచి వచ్చేసరికి ముసలి మేక గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి, దాని ముఖంలో ఏమీ తెలియని ప్రశాంతత ఉంది. నేను ఏడుస్తూ గోలెంలోకి చూశాను. అడుగున, పాచిలో దాక్కొని, కొన్ని కదిలాయి.

నాయనమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "గా ముసలిదాని కడుపుల కప్పలైతయేమో సూడు," అంటూ మేకను తోలింది. తర్వాత ఏమనుకుందో, కోళ్ళను మూసే వెదురు గంప తెచ్చి గోలెం మీద బోర్లించింది. పగలు గంప కింద ఒక రాయి పెట్టి ఓరగా ఎత్తేది, ఎండ తగలాలని. మేకలకు బకెట్‌లో నీళ్ళు పెట్టడం మొదలుపెట్టింది. ఆ బకెట్ మోయడం ఆమె మోకాళ్ళకు ఇంకో పని. పందెం నాతో, పని నా వైపు. అది నాకు అప్పుడు వింతగా తోచలేదు.

ఇక నా రోజులన్నీ గోలెం చుట్టే. ఉడికించిన తోటకూర చిటికెడు వేస్తే అవి చుట్టూ మూగి, నోళ్ళతో గీకుతూ తినేవి. ఎక్కువ వేస్తే నీళ్ళు కంపు కొట్టేవి. సగం నీళ్ళు తీసి గుంత నీళ్ళు పోసేదాన్ని. వానలు కుదురుకున్నాయి, మిషన్ల దగ్గర మక్కకంకులు కాల్చి అమ్మేవాళ్ళు వచ్చారు. ఒక మధ్యాహ్నం ఒకదాని తోక మొదట్లో రెండు దారప్పోగులు కనిపించాయి. వెనక కాళ్ళు! బొమ్మలో ఉన్న వరుసలోనే! ఇంట్లోకి పరుగెత్తి అందరినీ లాక్కొచ్చాను. అమ్మ పిండి చేతులతో వచ్చి వంగి చూసి, పిల్ల కాళ్ళలాగే ఉన్నాయే అంది. నాయనమ్మ కూడా వంగి చూసింది.

"కాళ్ళొస్తె ఏమాయె. బల్లికి గూడ కాళ్ళున్నయి," అంది.

నాయన మాత్రం, ఎక్కడానికి ఏం పెట్టావని అడిగాడు. ఏదైనా బండముక్క కావాలన్నాను. మర్నాడు సాయంత్రం చేతిలో పట్టుకొచ్చాడు. నీలం రంగు నాపరాయి ముక్క, నాలుగు అంచులూ గుండ్రంగా అరగదీసి, పైన అద్దంలా పాలిష్ పట్టించి తెచ్చాడు. భోజనం విరామంలో మిషను ముందు కూర్చొని చేశాడట. అంత నున్నటి బండ మా ఇంట్లో నేల మీద కూడా లేదు. గోలెంలో పల్చటి పక్కన వాలుగా నిలబెడితే, మబ్బు అందులో కనిపించింది. నాయన వంగి దాన్ని రెండు మూడు వైపుల నుంచి చూసుకున్నాడు.

ముందు కాళ్ళు వచ్చిన రోజు నేను గ్రంథాలయానికి వెళ్ళే తొందరలో ఉన్నాను. గంప ఎత్తి చూస్తే, అన్నిటికంటే పెద్దది నాలుగు కాళ్ళతో ఉంది. తోక ఇంకా సగం ఉంది, నోరు వెడల్పయింది, కళ్ళు పైకి వచ్చాయి. అది నీళ్ళలోంచి బండ మీదికి ఎక్కబోయింది. రెండు చేతులూ ఆన్చింది, పైకి లేచింది, జారి వెనక్కి పడింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. నాయన పట్టిన పాలిష్ మీద దాని వేళ్ళు నిలవడం లేదు. ప్రతిసారీ నీళ్ళ అడుగుకు పోయి, కాసేపటికి గాని పైకి రాలేదు. చిన్న అక్షరాల వరుస నాకు నోటికి వచ్చు కదా. అది మునిగిపోతోంది. చేయి పెడితే చితికిపోతుందేమోనని చేయి పెట్టలేకపోయాను. నాయినమ్మా అని అరిచాను.

ఆమె కర్ర పట్టుకొని మేకలకు బయలుదేరుతోంది. వచ్చి నా పక్కన నిలబడింది. చాలాసేపు చూసింది. అది ఎక్కకపోతే ఆమె పందెం గెలిచినట్టే. మర్నాటినుంచి ఆ కర్ర నా చేతికి వచ్చేది. ఆమె కర్ర గోడకు ఆన్చింది. మోకాళ్ళ మీద చేతులు వేసి, పళ్ళు కొరుక్కుంటూ, నెమ్మదిగా గొంతుకూర్చుంది. చీర చెంగు దోపుకొని, మోచేయి దాకా నీళ్ళలో పెట్టి, బండను ఎత్తి తిరగేసింది. వెనక వైపు పాలిష్ లేదు. గని నుంచి వచ్చినప్పటి గరుకు అలాగే ఉంది.

"మీ నాయిన పెండ్లివాళ్ళింటికి పట్టినట్టు పట్టిండు," అంది మెల్లగా.

అది ఎక్కింది. గరుకు మీద ఒక చేయి, ఇంకో చేయి, తర్వాత పొట్ట, తర్వాత తోక. నీళ్ళ బయట, గాలిలో కూర్చుంది. గొంతు కింద చర్మం టకటక కొట్టుకుంటోంది. నా గోరంత కప్ప, తోక ఉన్న కప్ప, పుస్తకంలో నాలుగో బొమ్మ, నా ముందు కూర్చొని ఉంది. నాకు అరవాలనిపించింది. అరిస్తే దూకుతుందని నోరు మూసుకున్నాను.

నాయనమ్మ దాన్ని చూస్తూనే ఉంది. ఒప్పుకుంటుందేమోనని నేను ఆమె ముఖం చూశాను.

"గిది గిట్ల అయింది," అంది చివరికి. "వానల వడేటియి వేరే."

ఆ తర్వాత చేయి నా వైపు చాపింది.

"జర చెయ్యి వట్టి లేపు బిడ్డా. లేపి నువ్వు పో, బుక్కులిల్లు మూస్తరు."

లేపాను. ఆమె బరువు నా భుజం మీద పడింది. కూర్చోవడం కంటే లేవడానికి ఎక్కువసేపు పట్టింది. నిలబడ్డాక కర్ర తీసుకొని, వెనక్కి చూడకుండా మేకల దారిన పోయింది. నేను గ్రంథాలయానికి పరుగెత్తాను. దారంతా కప్ప, కప్ప, కప్ప. సార్‌కు చెప్పాలి, ఆ పేజీ మళ్ళీ తీసి చూడాలి, నాలుగో బొమ్మ పక్కన వేలు పెట్టి, ఇది నేను చూశాను అనాలి.

అన్నీ చెప్పాను. సార్ కళ్ళజోడు తీసి విన్నాడు. తర్వాత ఏ పుస్తకం కావాలని అడిగాడు. నేను కూడా అనుకోని మాట నా నోట్లోంచి వచ్చింది, మోకాళ్ళ నొప్పులకు ఏమైనా ఉందా అని. ఆయన చాలాసేపు వెతికి, అట్ట లేని ఇంటివైద్యం పుస్తకం ఒకటి తీసి, నా పేరు మీద ఇంటికి రాసిచ్చాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక దీపం దగ్గర కూర్చొని చదివాను. ఆముదం వేడి చేయమని ఒక చోట, వావిలాకు కట్టమని ఇంకో చోట ఉంది. ఏదీ ఆమె మోకాళ్ళను బాగు చేయలేదు. అది కూడా ఇక్కడ నిజంగానే చెప్పాలి. కానీ ఆ రాత్రి నాయనమ్మ నా పక్కన కాళ్ళు బారచాపుకొని కూర్చుంది. కొట్టంలో మేకలు నెమరు వేస్తున్నాయి. నేను ఒక్కో వరుస చదువుతూ పోయాను, తెలియని మాట దగ్గర ఆగి కూడబలుక్కున్నాను. ఆమె తొందరపెట్టలేదు. పేజీ అయిపోయింది. నేను పుస్తకం మూయబోయాను.

"ఇంకేం రాసిండ్రు?" అంది.

పేజీ తిప్పాను.